ఆదివారం పిల్లలతో ఏ తీపి చేయాలి, ఏ కథ చదవాలి?

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో టీవీ కట్టేసి, ఫోన్లు పక్కన పెట్టేసి ఏదో ఒక తీపి చేసుకుంటాం. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి నాలుగు నిండాయి. ఈ అలవాటు మొదలైన కొత్తలో ఏది తొందరగా అవుతుందో అదే చేసేదాన్ని. రవ్వ కేసరి పదిహేను నిమిషాల్లో అయిపోయేది. పిల్లలు వంటగది గుమ్మంలో నిలబడి చూసేవాళ్లు, తినేవాళ్లు, వెళ్లిపోయేవాళ్లు. ఒక వినాయక చవితికి పాలతాలికలు చేస్తూ ఇద్దరికీ చెరో పిండిముద్ద ఇచ్చాను. గంట దాటినా పీట దగ్గర నుంచి లేవలేదు. అప్పటి నుంచి తీపి ఎంచుకునే పద్ధతి మారిపోయింది.

"ఈ వారం పిల్లలతో ఏం చేద్దాం?" అని ఆలోచించే అమ్మానాన్నల కోసం, మనవలు వస్తున్నారని ఎదురుచూసే అమ్మమ్మ తాతయ్యల కోసం ఇది రాస్తున్నాను. తీపితో పాటు పుస్తకం సంగతి కూడా చెబుతాను. మా ఇంట్లో ఆ రెండూ ఒకే పూట జరిగే పనులు.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముఖ్యం చేతి పని. పిసకడం, చుట్టడం, నలపడం, కలపడం: వీటిలో ఒక్కటైనా పిల్లలు సొంతంగా చేయగలగాలి. గిన్నెలో గరిటె ఒకసారి తిప్పనివ్వడం లెక్కలోకి రాదు.

రెండోది వేడి. పిల్లల చెయ్యి పడాల్సిన సమయానికి పదార్థం గోరువెచ్చగా ఉంటుందా, కాలుతూ ఉంటుందా? మూడోది ఆగాల్సిన సమయం. పప్పు చల్లారాలి, పిండి నానాలి, కేక్ ఉడకాలి. చాలామంది దీన్ని విసుగ్గా చూస్తారు కానీ కథ చదవడానికి దొరికే సమయం అదే. నాలుగోది, తేడా వస్తే సరిదిద్దుకోగలమా అన్నది. పాకం ముదిరిపోతే చేయగలిగింది తక్కువ. లడ్డు విరిగిపోతే మళ్లీ చుట్టుకోవచ్చు. నిల్వ చివరి సంగతి. సోమవారం స్కూల్ నుంచి వచ్చాక డబ్బాలో ఇంకా రెండు ఉంటే పిల్లల సంబరం వేరు.

ఖర్చు గురించి పెద్దగా చెప్పను. కింద చెప్పినవన్నీ మామూలు ఇళ్లలో ఉండే సరుకులతోనే అవుతాయి. సున్నుండలకు మాత్రం నెయ్యి కాస్త ఎక్కువ పడుతుంది.

| తీపి | పిల్లల చేతి పని | వేడి భయం | మొత్తం సమయం | నిల్వ | ఏ వయసుకి |
|---|---|---|---|---|---|
| మలీద ముద్దలు | చాలా ఎక్కువ | దాదాపు లేదు | 25 నిమిషాలు | 1–2 రోజులు | 3 దాటితే చాలు |
| పాలతాలికలు | చాలా ఎక్కువ | చివర్లో పెద్దవాళ్ల పని | గంటన్నర | ఆ రోజే | 4 నుంచి |
| సున్నుండలు | ఎక్కువ | తక్కువ | గంటన్నర (చల్లారడంతో కలిపి) | 2 వారాలు | 4 నుంచి |
| రవ్వ లడ్డు | ఉంది, కానీ వేడి మీదే | ఎక్కువ | 40 నిమిషాలు | పాలు పోస్తే 3 రోజులు | 8 దాటాక |
| సేమ్యా పాయసం | కొంచెం | మధ్యస్థం | 25 నిమిషాలు | ఆ రోజు, ఫ్రిజ్‌లో మర్నాడు | ఎవరికైనా, చూడటానికే |
| గుడ్డు లేని కేక్ | ఎక్కువ | తక్కువ | గంటంపావు | 2–3 రోజులు | 5 నుంచి |

బూరెలు, అరిసెలు, గులాబ్ జామ్ ఈ పట్టికలో లేవు. మరిగే నూనె పక్కన చిన్నపిల్లల్ని పెట్టుకుని తీరిగ్గా వంట చేయలేం. టెన్షన్‌తో చేసే వంటలో పిల్లలకు వినిపించేది "దూరం జరుగు" అన్న మాట ఒక్కటే. అవి పండగలకు పెద్దవాళ్లు చేసి పెడితేనే బాగుంటుంది. పూతరేకులైతే ఆత్రేయపురం వాళ్ల చేతి విద్య, కొనుక్కుని తినడమే మేలు.

మలీద ముద్దలు: మొదటిసారి చేసేవాళ్లకి ఇదే

తెలంగాణలో సద్దుల బతుకమ్మ నాడు చేసే మలీద నాకు పెళ్లయ్యాకే తెలిసింది. మా అత్తగారు చేస్తుంటే చూసి, పిల్లలతో చేయడానికి ఇంతకన్నా సులువైన తీపి లేదనుకున్నాను. ఇప్పటికీ అదే మాట అంటాను.

నాలుగు గోధుమ చపాతీలు నూనె లేకుండా కాల్చుకోండి. కాస్త వేడి తగ్గాక, ఇంకా గోరువెచ్చగా ఉండగానే పిల్లల ముందు పళ్లెంలో పెట్టి చించమనండి. ముందు పెద్ద ముక్కలు, తర్వాత చిన్న ముక్కలు, ఆ తర్వాత రెండు చేతులతో నలపడం. అరకప్పు బెల్లం తురుము, రెండు చెంచాల నెయ్యి, చిటికెడు యాలకుల పొడి వేసి పిసికితే చపాతీ వెచ్చదనానికి బెల్లం కరిగి పట్టుకుంటుంది. ముద్దలు చుట్టేయడమే. చపాతీలు పూర్తిగా చల్లారిపోతే బెల్లం విడిగా ఉండిపోయి ముద్ద నిలవదు. అలా అయితే ఇంకో చెంచా వెచ్చటి నెయ్యి పోస్తే సరిపోతుంది. జొన్న రొట్టెతో చేసినా బాగుంటుంది, నెయ్యి కొంచెం ఎక్కువ పట్టిస్తుంది.

మా బాబు ముక్కలు చించుతూ "అమ్మా, ఇది చూడు, కుక్క చెవి" అంటాడు. ఇంకో ముక్క ఆంధ్రప్రదేశ్ మ్యాప్ అంటుంది వాళ్లక్క. అందులో సగం నోట్లోకే పోతుంది, పోనివ్వండి.

ఇందులో ఉన్న లోటు ఒక్కటే. ఆగే సమయం లేదు కాబట్టి పుస్తకానికి చోటుండదు. అంతా ఇరవై అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. రోజంతా పని చేసి వచ్చిన పూట అదే మంచిది కూడా.

పాలతాలికలు: టైమ్ ఉంటే వేరేది వెతకొద్దు

కప్పు నీళ్లు మరిగించి చిటికెడు ఉప్పు, చెంచా నెయ్యి వేసి, కప్పు బియ్యప్పిండి పోసి కలిపి మూత పెట్టేయాలి. పావుగంట ఆగి చెయ్యి పట్టే వేడికి వచ్చాక బాగా మెదాయించాలి. చేత్తో నొక్కితే అంచులు పగలకుండా ఉంటే పిండి కుదిరినట్టు. పగులుతుంటే వేడినీళ్లు కొద్దికొద్దిగా చిలకరించండి.

ఇక పీట మీద కాస్త నెయ్యి రాసి పిల్లలకు వదిలేయండి. తాలిక చుట్టడం పెద్దవాళ్లకి అలవాటైన పని, పిల్లలకి కొత్త విద్య. అరచేత్తో ముందుకీ వెనక్కీ దొర్లించాలి, నొక్కితే తెగిపోతుంది, నొక్కకపోతే సాగదు. మా బాబు చుట్టినవి ఒక చివర బొటనవేలంత లావుగా, ఇంకో చివర దారంలా ఉంటాయి. "ఇది నాగుపాము, ఇది వానపాము" అని పేర్లు పెడతాడు. పాప మాత్రం నాలుక కొంచెం బయటపెట్టి, అన్నీ ఒకే పొడవు రావాలని స్కేలు తెచ్చుకుని కొలుస్తుంది. లావుగా ఉన్నవి లోపల ఉడకవని చెప్పి, వాటిని తనచేతే మళ్లీ చుట్టిస్తాను. తమ్ముడిని మాత్రం ఒక్క పామునైనా అలాగే ఉంచుకోనివ్వమంటాను. ఆ ఒక్కటీ గిన్నెలో ఎక్కడుందో వెతుక్కుని తింటాడు.

అరలీటరు పాలు, ఒక కప్పు నీళ్లు కలిపి మరిగించి, ముందే నానబెట్టిన గుప్పెడు సగ్గుబియ్యం ఉడికాక తాలికలు వేయాలి. వేసిన వెంటనే గరిటె పెట్టొద్దు, విరిగిపోతాయి. రెండు మూడు నిమిషాలు ఆగి, గట్టిపడ్డాక మెల్లగా కదపండి. ఎనిమిది పది నిమిషాల్లో ఉడుకుతాయి. చిక్కదనం కోసం చెంచా బియ్యప్పిండి చల్లటి పాలలో కలిపి పోసుకోవచ్చు.

ఇప్పుడు బెల్లం సంగతి. నేను మొదటిసారి పొయ్యి మీద మరుగుతున్న పాలలోనే బెల్లం వేశాను. రెండు నిమిషాల్లో పాలు విరిగి, పిల్లలు గంటసేపు చుట్టినవన్నీ విరుగుడు నీళ్లలో తేలాయి. పాప ముఖం చూడలేకపోయాను. బెల్లానికి ఉండే కొద్దిపాటి పులుపు గుణానికి మరిగే వేడి తోడైతే పాలు తట్టుకోవు. స్టవ్ కట్టేసి, గిన్నె దించి, పది పదిహేను నిమిషాలు ఆగాలి. బెల్లాన్ని వేరే గిన్నెలో కొద్ది నీళ్లతో కరిగించి, వడకట్టి, అదీ చల్లారాక కలపండి. తర్వాత మళ్లీ పొయ్యి ఎక్కించొద్దు.

ఇక్కడ రెండుసార్లు ఆగాల్సి వస్తుంది: పిండి చల్లారేటప్పుడు పావుగంట, పాలు చల్లారేటప్పుడు ఇంకో పావుగంట. రెండు చిన్న బొమ్మల పుస్తకాలకి సరిగ్గా సరిపోతుంది.

సున్నుండలు: డబ్బాలో ఉండాలంటే

కప్పు మినపప్పును సన్నటి మంట మీద పదిహేను నిమిషాలు వేయించాలి. పొట్టు ఉన్నవైతే రంగు కాస్త నల్లబడినా రుచి వేరుగా ఉంటుంది, మా అమ్మ వాటితోనే చేసేది. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది, తింటుంటే నాలుకకి అంటుకుంటుంది. కమ్మటి వాసన ఇల్లంతా వస్తే వేగినట్టు. పూర్తిగా చల్లారాక, కొంచెం బరకగా పొడి కొట్టి, ముప్పావు కప్పు బెల్లం తురుము వేసి ఇంకోసారి మిక్సీ తిప్పండి. కరిగించిన నెయ్యి అరకప్పు దాకా కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు చుట్టుకోవాలి.

వేయించడం, మిక్సీ పెద్దవాళ్ల పని. ఉండ చుట్టడం పిల్లలది. నెయ్యి గోరువెచ్చగా ఉంటే చాలు కాబట్టి భయం లేదు. ఉండ విరిగితే ఇంకాస్త నెయ్యి వేసి మళ్లీ చుట్టడమే, చెడిపోయేదేమీ లేదు. తడి లేని డబ్బాలో రెండు వారాలు ఉంటాయి. హాస్టల్లో ఉన్న పెద్ద పిల్లలకి పంపాలన్నా ఇవే. పప్పు చల్లారడానికి పట్టే అరగంట కథకి చాలా మంచి సమయం.

మిగిలిన మూడు

రవ్వ లడ్డు రుచిలో ఎవరికీ తీసిపోదు, పిల్లలతో చేయడానికే చిక్కు. వేడి మీద చుట్టాలి, చల్లారితే రాలిపోతుంది. నాలుగేళ్ల పిల్లాడి చేతికి ఆ వేడి ఇవ్వలేం. ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటిన పిల్లలుంటే చేయండి, కొబ్బరి కోరడం వాళ్లకి నేర్పించడానికి కూడా మంచి సందర్భం.

సేమ్యా పాయసం, కేసరి చుట్టాలొచ్చిన రోజుకి. పిల్లలకు కిస్మిస్ లెక్కపెట్టే పని మాత్రం దొరుకుతుంది. కేసరిలో రవ్వ నీళ్లలో పూర్తిగా ఉడికాకే పంచదార వేయాలి, ముందే వేస్తే రవ్వ పలుకుగా ఉండిపోతుంది. ఆ ఉడికే రవ్వ చిటపటమని పైకి ఎగురుతుంది, పిల్లల్ని దూరంగా ఉంచండి.

గుడ్డు లేని కేక్‌కి ఓవెన్ అక్కర్లేదు. ఒకటిన్నర కప్పుల మైదా, కప్పు పెరుగు, ముప్పావు కప్పు పంచదార, అరకప్పు నూనె, చెంచా బేకింగ్ పౌడర్, అరచెంచా వంటసోడా. జల్లించడం, కొలవడం, కలపడం అంతా పిల్లలే చేయొచ్చు. అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నెలో స్టాండ్ పెట్టి, మూత పెట్టి పది నిమిషాలు వేడి చేసి, కేక్ గిన్నె లోపల ఉంచి సన్నటి మంట మీద నలభై, నలభై అయిదు నిమిషాలు వదిలేయాలి. కుక్కర్‌లో చేస్తే రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి. మొదటి అరగంట మూత తీయకండి, కేక్ మధ్యలో కుంగిపోతుంది. పచ్చి పిండి నాకనివ్వకండి, కడుపునొప్పి తెస్తుంది. కథల పుస్తకం పెద్దది చదవాలని ఉంటే కేక్ రోజునే చదవాలి, నలభై అయిదు నిమిషాలు ఇంకే తీపీ ఇవ్వదు.

చిన్నపిల్లలున్న ఇళ్లకి ఒక మాట. అయిదేళ్ల లోపు పిల్లలకు జీడిపప్పు, వేరుశనగ పలుకులు గుండుగా ఇవ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి. పొడి చేసి వేయండి. రెండేళ్లు నిండని పిల్లలకు పంచదార, బెల్లం కలిపినవి పెట్టకపోవడమే మంచిది. వాళ్లకి చపాతీ ముక్క ఒకటి చేతికిస్తే చాలు.

ఇక పుస్తకం: చేతులు ఖాళీగా ఉన్నాయా, లేదా?

చేతులకి నెయ్యి, పిండి అంటుకుని ఉన్నప్పుడు పుస్తకం తెరవలేం. అప్పుడు నోటితో చెప్పే కథే కావాలి. చేతులు కడుక్కుని ఏదో చల్లారే దాకా కూర్చున్నప్పుడు పుస్తకం. ఈ తేడా తెలియక మొదట్లో నేను పుస్తకం తెచ్చి పిండి పక్కనే పెట్టుకునేదాన్ని. పేజీ తిప్పడానికి ఒకరు చేతులు కడుక్కుని రావడం, ఇంతలో తాలికలు ఎండిపోవడం.

| ఎంపిక | ఎప్పుడు బాగుంటుంది | ఎవరికి |
|---|---|---|
| నోటి కథలు | ఉండలు, తాలికలు చుట్టేటప్పుడు | అన్ని వయసులకీ |
| బొమ్మల పుస్తకం | 10–15 నిమిషాలు ఆగేటప్పుడు | 3–6 |
| రెండు భాషల పుస్తకం | 15 నిమిషాలు ఆగేటప్పుడు | ఇంగ్లిష్ మీడియం, విదేశాల్లోని పిల్లలకి |
| పెద్ద కథల సంకలనం, పాత పత్రికలు | అరగంట, ముప్పావుగంట | 7 దాటాక |
| ట్యాబ్‌లో కథ | ప్రయాణంలో, పుస్తకం దొరకని చోట | 5 నుంచి |

నోటి కథల్లో చేతి పనికి బాగా కుదిరేది గొలుసు కథ. రాజుగారి ఏడుగురు కొడుకులు, ఏడు చేపల కథ తెలియని ఇల్లుండదు. "చేపా చేపా ఎందుకు ఎండలేదు?" అని నేనంటే జవాబు బాబు చెబుతాడు. ఒక్కో తాలికకి ఒక్కో ప్రశ్న. కథ చీమ దగ్గరికి వచ్చేసరికి పిండి కూడా అయిపోతుంది.

బొమ్మల పుస్తకాలు ఎంచుకునేటప్పుడు అక్షరాల సైజు చూడండి. పేజీకి రెండు మూడు వాక్యాలకి మించి ఉంటే నాలుగేళ్ల పిల్లలు బొమ్మ చూడటం అయిపోయి ముందే పేజీ తిప్పేస్తారు. నేషనల్ బుక్ ట్రస్ట్, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్ వాళ్లు తక్కువ ధరకి మంచివి వేస్తున్నారు. నూనె మరక పడినా, అంచు చిరిగినా ప్రాణం చివుక్కుమనని ధర అది. వంటగది పక్కన ఉండే పుస్తకానికి ఆ గుణం ఉండాలి. ఖరీదైన గట్టి అట్ట పుస్తకాలు పడకగదిలో పెట్టుకోండి.

చెన్నైలోని తూలిక సంస్థ తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఒకే పేజీలో ఉండే పుస్తకాలు వేస్తుంది. తెలుగు చదవడం రాని పిల్లలకి ఇవి ధైర్యాన్నిస్తాయి. కష్టం ఎక్కడంటే, ఇంగ్లిష్ వేగంగా వచ్చిన పిల్లలు కళ్లు కింది వాక్యం మీదకే పోనిస్తారు. నేను ఇంగ్లిష్ వాక్యం మీద ఒక కాగితం ముక్క అడ్డం పెట్టి, ముందు తెలుగు చదివించి, తర్వాత తీస్తాను. పాపకి అదొక ఆట అయింది.

పెద్ద కథలకి మా ఇంట్లో పాత చందమామలే. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు కొత్తగా రావడం లేదు కానీ, పాత సంచికలు చాలా ఇళ్లలో అటక మీద ఉన్నాయి, పాత పుస్తకాల షాపుల్లోనూ దొరుకుతాయి. బేతాళ కథ చదివితే, బేతాళుడు ప్రశ్న అడిగే చోట ఆపేయండి. "నువ్వైతే ఏం చెబుతావ్?" అని అడగండి. పాప ఒక్కోసారి విక్రమార్కుడి కన్నా మంచి జవాబు చెబుతుంది. భాష కాస్త గ్రాంథిక వాసన వేసిన చోట నేను మాటల్లో మార్చి చదువుతాను, కథ పోదు.

ట్యాబ్ సంగతి చివర్లో చెబుతున్నాను. 2015లో ప్రథమ్ బుక్స్ మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, నాలుగు స్థాయిలుగా విడదీశారు కాబట్టి వయసుకి తగ్గది వెతకడం తేలిక. ఒకే చిక్కు, అదే తెర మీద ఇంకా వంద ఉంటాయి. మేమైతే కథని కాగితం మీద ప్రింట్ తీసి పిన్ కొట్టుకుంటాం.

మీ ఇంటికి ఏది?

ఒక్కరే బిడ్డ, మూడు నాలుగేళ్ల వయసు అయితే మలీద, తిన్నాక ఒక బొమ్మల పుస్తకం. ఇంకేం పెట్టుకోవద్దు.

వయసులో తేడా ఉన్న ఇద్దరుంటే పాలతాలికలు. చిన్నవాడికి పాములు, పెద్దదానికి స్కేలు. చదివేటప్పుడు పెద్దపిల్లే తమ్ముడికి చదివి వినిపించేలా చూడండి, మీకు ఆ పావుగంటలో బెల్లం వడకట్టుకునే తీరిక దొరుకుతుంది.

సెలవులకి మనవలు వచ్చిన అమ్మమ్మ, నానమ్మలకి సున్నుండలే. నేల మీద కూర్చుని చుట్టించవచ్చు, పొయ్యి దగ్గర పరుగులు ఉండవు, తిరిగి వెళ్లేటప్పుడు డబ్బా కట్టివ్వొచ్చు. కథకి మీకు పుస్తకమే అక్కర్లేదు.

పదేళ్లు దాటి, ఇలాంటివి చిన్నపిల్లల పనులు అనే వయసొచ్చిన పిల్లలకి కేక్ మొత్తం అప్పజెప్పండి. కొలతలు వాళ్లే చూసుకోవాలి, మీరు పక్కన కూర్చుని బేతాళ కథ చదవాలి.

విదేశాల్లో ఉన్నవాళ్లకి తాలికల పిండి ఇండియన్ స్టోర్‌లో దొరికే పొడి బియ్యప్పిండితోనే కుదురుతుంది, నీళ్లు రెండు మూడు చెంచాలు ఎక్కువ పడతాయి. అమెరికాలో ఆదివారం ఉదయం అంటే ఇక్కడ రాత్రి భోజనాల వేళ. ఫోన్‌ని డబ్బాకి ఆనించి వీడియో కాల్‌లో తాతయ్యనే ఏడు చేపల కథ చెప్పమనండి. తాలికలు చుట్టే చేతులకి తెర ముట్టుకునే అవకాశం ఎలాగూ ఉండదు.

వారమంతా ఆఫీసు, ఆదివారం కూడా తీరిక లేదు అనేవాళ్లకి రాత్రి మిగిలిన చపాతీలు చాలు. పెనం మీద ఒకసారి వెచ్చచేసి మలీద చేసుకోండి, చెరో ముద్ద తినండి, పళ్లు తోమించి, తర్వాత మంచం మీద ఒక్క కథ చదవండి. మా ఇంట్లో మామూలు రోజుల్లో జరిగేదీ ఇదే.